దరువు తప్పితే ఫైలు విప్పండి

పాట మోగుతుంటుంది. తెర అడుగు నుంచి బాణం గుర్తులు ఒకదాని వెనక ఒకటి పైకి తేలి వస్తుంటాయి. దెబ్బ పడిన క్షణంలోనే కీబోర్డు మీద ఆ బాణం మీట నొక్కాలి. కాస్త ముందైనా, కాస్త వెనకైనా మార్కులు పోతాయి. లయ ఆటలంటే ఇవే. జపాన్‌లో 1996లో ‘పరప్పా ద ర్యాపర్’, 1997లో ‘బీట్‌మేనియా’, 1998లో కాళ్లతో ఆడే ‘డ్యాన్స్ డ్యాన్స్ రివల్యూషన్’ వచ్చాక ఈ రకానికి ఊపొచ్చింది. 2001లో ‘స్టెప్‌మేనియా’ పుట్టింది. ఇది ఉచితం. పాత కంప్యూటర్ మీదా నడుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం... ఇందులో మనకు నచ్చిన పాట పెట్టుకుని, దానికి స్టెప్పులు మనమే రాసుకోవచ్చు.

ఆ రాసుకోవడం దగ్గరే సిద్దిపేట జిల్లా రాయపోల్ నుంచి ఒక డిగ్రీ కుర్రాడికి చిక్కొచ్చిపడింది. కొమురవెల్లి మల్లన్న జాతరలో ఒగ్గు డోళ్ల దరువును ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడట. దాన్ని స్టెప్‌మేనియాలో పెట్టి బాణాలు పేర్చాడు. మొదటి పది సెకన్లు బ్రహ్మాండంగా ఉంది. తర్వాత బాణాలొక దారి, డోలొక దారి! ‘‘ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి దిద్దుకోవచ్చని ఎక్కడో చదివిన సార్. ఫైలు ముట్టుకుంటే ఖరాబైతదని మా దోస్తు అంటుండు. ఎవరి మాట నిజం?’’ అని అడిగాడు.

ఇద్దరిదీ నిజమే. ముట్టుకోవచ్చు. తెలియకుండా ముట్టుకుంటే ఖరాబవుతుంది కూడా. అందుకే ఈ వారం ఆ ఫైలు పొట్టలో ఏముందో చూద్దాం.

మంత్రం లేదు, చిట్టానే

స్టెప్‌మేనియాలో ‘సాంగ్స్’ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఒక సంకలనం ఫోల్డర్, దాని లోపల పాటకొక ఫోల్డర్. పాట ఫోల్డర్‌లో ముఖ్యంగా రెండే వస్తువులు: ఒకటి ధ్వని ఫైలు, రెండోది ‘డాట్ ఎస్‌ఎం’ అనే తోక ఉన్న ఫైలు. ఈ రెండోదే స్టెప్పుల ఫైలు. చూడ్డానికి కిరాణా కొట్టు చిట్టాలా ఉంటుంది. పైన పాట పేరు, పాడినవారి పేరు, ధ్వని ఫైలు పేరు, పాట ఎక్కడ మొదలవుతుంది, వేగం ఎంత... ఒక్కొక్కటీ ఒక్కో వరసలో. ప్రతి వరసా ‘హ్యాష్’ గుర్తుతో మొదలై సెమీకోలన్‌తో ముగుస్తుంది. దాని కింద స్టెప్పులు.

స్టెప్పులంటే అంకెలే. ఒక్కో వరసలో నాలుగు అంకెలు. ఎడమ, కింద, పైన, కుడి... ఈ వరస క్రమంలో నాలుగు బాణాలు. 0 అంటే ఖాళీ, 1 అంటే నొక్కు, 2 అంటే నొక్కి పట్టుకో, 3 అంటే పట్టు వదులు. నాలుగు దెబ్బల గుంపు ఒకటి ఇలా ఉంటుంది:

1000
0100
0010
0001

ఎడమ, కింద, పైన, కుడి... దెబ్బకొకటి చొప్పున నాలుగు బాణాలన్నమాట. గుంపు అయిపోగానే ఒక కామా. మళ్లీ కొత్త గుంపు. చివరి గుంపు తర్వాత సెమీకోలన్. అంతే!

ఇక్కడొక చమత్కారం ఉంది. గుంపు కాలం ఎప్పుడూ నాలుగు దెబ్బలే. కానీ దాంట్లో వరసలు ఎన్నయినా ఉండొచ్చు. నాలుగు వరసలు రాస్తే దెబ్బకొకటి. ఎనిమిది రాస్తే అర దెబ్బకొకటి. పన్నెండు రాస్తే దెబ్బను మూడు ముక్కలు చేసినట్టు. పెళ్లి బరాత్‌లో తీన్‌మార్ మోగుతుంటే కాళ్లు మూడేసిగా ఎందుకు కదులుతాయో ఆడినవారికి తెలుసు. అలాంటి నడకకు పదహారు వరసల గడులు కుదరవు, పన్నెండు వరసలే కుదురుతాయి.

అర నిమిషంలో అర దెబ్బ

ఇంతకీ రాయపోల్ కుర్రాడి బాణాలు ఎందుకు దారి తప్పాయి? సినిమా పాటలు ఎక్కువగా స్టూడియోలో, చెవిలో టిక్కు టిక్కుమనే మీటరు పెట్టుకుని రికార్డు చేసినవి. నిమిషానికి 120 దెబ్బలంటే మొదటి నుంచి చివరిదాకా 120. ఫైలులో ఒక్క అంకె రాస్తే పాటంతా కుదిరిపోతుంది. ఒగ్గు కథకు మీటరేదీ? మల్లన్న కథో, బీరప్ప కథో నడుస్తుంటుంది. మాటలప్పుడు డోలు నెమ్మదిస్తుంది. ఘట్టం వేడెక్కితే డోలూ వేడెక్కుతుంది. అది తప్పు కాదు, అదే కళ.

లెక్క చూడండి. ఫైలులో 120 అని రాశాం. అసలు దరువు 121 ఉంది. ఒక్కటే తేడా కదా అనుకుంటాం. 120 వేగంలో దెబ్బకు 500 మిల్లీసెకన్లు. 121లో దాదాపు 496. దెబ్బకు నాలుగు మిల్లీసెకన్ల తేడా చెవికి అందదు. కానీ ఆ తేడా పోగవుతుంది. 60 దెబ్బలకు, అంటే అర నిమిషానికి, అది 248 మిల్లీసెకన్లు. దాదాపు అర దెబ్బ! బాణం కచ్చితంగా రెండు దెబ్బల నడుమ వచ్చి నిలబడుతుంది. స్టెప్‌మేనియా మామూలు అమరికలో అత్యుత్తమ మార్కు రావాలంటే 22.5 మిల్లీసెకన్లకు మించి తేడా ఉండకూడదు. ఆ తర్వాతి మార్కుకు 45. ఆరో దెబ్బకే మొదటి గీత దాటేస్తాం. పన్నెండు దాటేసరికి రెండోదీ దాటేస్తాం.

దీనికి విరుగుడు రెండు రకాలు. ధ్వనినే సాగదీసి, నొక్కి 120కి తెచ్చే సాఫ్ట్‌వేర్లున్నాయి. అలా చేస్తే బాణాలు కుదురుతాయి గానీ డోలు చచ్చిపోతుంది. రెండో దారి, డోలును అలాగే ఉంచి ఫైలులో వేగాన్ని మార్చడం. కష్టమైనా మంచిది ఇదే.

చేత్తో కొలిచే పద్ధతి

‘ఆడాసిటీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ధ్వనిని తెరిస్తే అలల బొమ్మ కనిపిస్తుంది. డోలు మీద కర్ర పడిన ప్రతిచోటా నిటారుగా ఒక కొండ. మొదటి దెబ్బ ఎన్ని సెకన్లకు పడిందో రాసుకోండి. అక్కడి నుంచి పదహారు దెబ్బలు లెక్కపెట్టి, పదిహేడో దెబ్బ మొదలైన సమయం రాసుకోండి. మళ్లీ పదహారు, మళ్లీ రాసుకోవడం.

ఉదాహరణకు మొదటి దెబ్బ 2.400 సెకన్ల దగ్గర ఉందనుకుందాం. మొదటి పదహారు దెబ్బలకు 8.000 సెకన్లు పట్టింది. తర్వాతి పదహారుకు 7.880. ఆ తర్వాత 7.760. డోలు పుంజుకుంటోందన్నమాట. పదహారు దెబ్బలు కాబట్టి 960ని సెకన్లతో భాగిస్తే నిమిషానికి వేగం వచ్చేస్తుంది: 120.000, 121.827, 123.711. ఫైలులో ‘బీపీఎంఎస్’ అని ఒక వరస ఉంటుంది. అక్కడ ఎన్నో దెబ్బ నుంచి ఎంత వేగమో ఇలా రాయాలి:

0=120.000,16=121.827,32=123.711

లెక్క ఒకటి నుంచి కాదు, సున్నా నుంచి మొదలని మరిచిపోవద్దు. చుక్క తర్వాత మూడు అంకెలూ ఉంచండి. 121.827ను 122 అని సవరిస్తే ఒక్క పదహారు దెబ్బలకే 11 మిల్లీసెకన్లు పోతాయి.

‘ఆఫ్‌సెట్’ అనే వరసలో మొదటి దెబ్బ ఎక్కడుందో చెప్పాలి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. మొదటి దెబ్బ 2.400 సెకన్ల దగ్గర ఉంటే, ముందు మైనస్ గుర్తు పెట్టి -2.400 అని రాయాలి. గుర్తు మరిస్తే పాట మొదలు కాకముందే దెబ్బ పడిపోయిందని ఆట అనుకుంటుంది!

నాలుగు నిమిషాల దరువుకు ఇలాంటి కొలతలు దాదాపు ముప్ఫై తేలతాయి. ఆటలోనే స్టెప్పులు పేర్చే ఎడిటర్ ఉంది, నిజమే. కానీ ముప్ఫై చోట్లకూ వెళ్లి ఒక్కొక్కటే మార్చేకన్నా, ఎక్సెల్‌లో లెక్కగట్టి ఒకేసారి ఫైలులో అతికించడం సుఖం. చేత్తో ఫైలు దిద్దడంలో మొదటి లాభం ఇదే.

ఐదు, ఏడు ఏమయ్యాయి?

రెండో లాభం మన సంగీతానికి సంబంధించింది. స్టెప్‌మేనియా ఎడిటర్‌లో బాణాలు పెట్టుకునే గడులు గుంపుకు 4, 8, 12, 16, 24, 32, 48, 64, 192. ఈ అంకెల్ని ఒకసారి పట్టి చూడండి. అన్నీ రెండుతోనో, రెండు మూడు కలిపో గుణిస్తే వచ్చేవే. అంటే తకిట ఉంది, తకధిమి ఉంది. దెబ్బను ఐదుగా విడగొట్టే ఖండ నడక లేదు. ఏడుగా విడగొట్టే మిశ్రం లేదు. తొమ్మిది సంకీర్ణమూ లేదు. పాశ్చాత్య నాట్య సంగీతం కోసం పుట్టిన ఆట కాబట్టి అటువైపు వారికి అక్కర రాలేదు. మృదంగం నేర్చుకునే పిల్లలు మాత్రం ఐదు నడకలూ చేతిమీద వేసుకుంటారు.

నోట్‌ప్యాడ్‌లో ఈ అడ్డు లేదు. నాలుగు దెబ్బల గుంపులో ఇరవై వరసలు రాయండి. దెబ్బకు ఐదు వచ్చేస్తాయి. ఇరవై ఎనిమిది రాస్తే ఏడు. ఆట కిమ్మనకుండా చదువుకుంటుంది. అయితే ఒక మెలిక ఉంది. స్టెప్‌మేనియా లోలోపల దెబ్బను 48 ముక్కలుగా కోసి పెట్టుకుంటుంది. 48ని ఐదుతో భాగిస్తే 9.6. ముక్కలో ఆరు పదో వంతు అంటే కుదరదు కాబట్టి దగ్గరి ముక్కకు జరుపుతుంది. 120 వేగంలో ఆ జరుగుడు మహా అయితే నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకే. ఏడు నడకకైనా నాలుగున్నర లోపే. వేలికీ తెలియదు, మార్కులకీ తెలియదు.

మరో జాగ్రత్త. ఇలా చేత్తో రాసిన ఫైలును మళ్లీ ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేశారో, మీ ఇరవై వరసలు 192 వరసలుగా మారిపోతాయి. ఆటకు తేడా ఉండదు గానీ, తర్వాత చదువుకోబోతే మీ రాత మీకే అర్థం కాదు. అందుకే చేత్తో రాసింది వేరుగా దాచుకోండి.

ఒక్క కామా చాలు

ఇప్పుడు దోస్తు మాట. ఫైలు ఎలా ఖరాబవుతుంది?

గుంపుకూ గుంపుకూ మధ్య కామా ఒకటి ఎగిరిపోయిందనుకోండి. నాలుగు వరసల గుంపులు రెండు కలిసి ఎనిమిది వరసల గుంపవుతాయి. ఆ చోట బాణాలు రెట్టింపు వేగంతో ఉరుకుతాయి. అక్కడి నుంచి పాట చివరిదాకా ప్రతి బాణం నాలుగు దెబ్బలు ముందే వచ్చేస్తుంది. చూసినవారు వేగం లెక్క తప్పిందనుకుని ‘బీపీఎంఎస్’ను పీకి పందిరేస్తారు. అసలు దోషి ఒక కామా! కాబట్టి బాణాలు ఒక్కసారిగా, ఒకేచోట తప్పితే కామా వెతకండి. మెల్లమెల్లగా జారిపోతుంటే వేగం చూడండి. మొదటి నుంచీ ఒకే ఎడంతో తప్పుతుంటే ‘ఆఫ్‌సెట్’ చూడండి. ఈ మూడు లక్షణాలు గుర్తుంటే సగం జబ్బులకు మందు దొరికినట్టే.

2 రాసి 3 మరిచిపోతే పట్టు ఎక్కడ వదలాలో ఆటకు తెలియదు. ఆ పట్టునే తీసిపారేస్తుంది. ఇంకో విచిత్రం... ఎంత దిద్దినా ఆటలో మార్పు కనిపించడం లేదా? ఆ ఫోల్డర్‌లో ‘డాట్ ఎస్‌ఎస్‌సీ’ అనే మరో ఫైలు ఉందేమో చూడండి. స్టెప్‌మేనియా 5 నుంచి ఆ కొత్త రకం ఫైలుకే పెద్దపీట. అది ఉంటే ‘ఎస్‌ఎం’ వైపు చూడదు. మీరు పాత గోడకు సున్నం వేస్తున్నారన్నమాట!

ధ్వని ఫైలును మధ్యలో మార్చకండి. ఎంపీ3గా మార్చినప్పుడు మొదట్లో కొంత నిశ్శబ్దం చేరుతుంది. దాన్ని ఆడించే సాఫ్ట్‌వేర్ లెక్కలోకి తీసుకోకపోతే 25 మిల్లీసెకన్ల వరకూ జరుగుతుంది. పైన చెప్పిన 22.5 గీత దాటడానికి అది చాలు. ముందే ఆగ్ రకంలోకి మార్చుకుని, ఆ ఫైలునే కొలవండి.

పాట పేరు తెలుగులో రాయాలని సరదా ఉంటుంది. పాత నోట్‌ప్యాడ్‌లో మామూలుగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలయ్యేది. 2019 విండోస్ 10 నవీకరణ నుంచి నోట్‌ప్యాడ్ నేరుగా యూటీఎఫ్-8లో దాస్తోంది కాబట్టి ఆ బాధ తగ్గింది. కానీ ఈ ఆటకు మన గుణింతాలు, ఒత్తులు కలిపి చూపడం రాదు. ప్రస్తుతానికి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవడమే దారి.

అన్నిటికన్నా ముందు మాట చివర చెబుతున్నాను. ఫోల్డర్ మొత్తానికి నకలు తీసుకోండి. నకలు మీదే ప్రయోగం. ఒకసారి ఒక్కటే మార్చండి, ఆడి చూడండి, బాగుంటే తేదీ వేసి దాచండి. అప్పుడు ఖరాబైనా పోయేది పది నిమిషాల పనే.

కన్ను కాదు, చెవి

దిద్దింది సరిపోయిందో లేదో ఆడి తేల్చుకోవడం కష్టం. మన వేలు తప్పిందా, ఫైలు తప్పిందా తెలియదు. ఆట నడుస్తుండగా ఎఫ్8 నొక్కితే కంప్యూటరే ఆడుకుంటుంది. ఎఫ్7 నొక్కితే ప్రతి బాణానికీ ఒక టిక్కు వినిపిస్తుంది. కళ్లు మూసుకుని వినండి. డోలు, టిక్కు ఒకే దెబ్బగా వినిపిస్తే ఫైలు కుదిరినట్టు. రెండు దెబ్బలుగా విడిపోయినచోట ఇంకా పని ఉంది.

అన్ని పాటలూ ఒకే తీరుగా ఆలస్యంగా ఉంటే మాత్రం ఫైలు జోలికి పోవద్దు. అది మీ స్పీకర్ల, తెర ఆలస్యం. ఆటలో కంప్యూటర్‌కంతటికీ ఒకే సవరణ చేసే చోటు ఉంది. అక్కడ సరిచేయాలి. ఒంట్లో జ్వరానికి చొక్కా మారిస్తే లాభమేముంది?

ఇతర ఆటల్లో...

2007లో ఆస్ట్రేలియాకు చెందిన డీన్ హెర్బర్ట్ తెచ్చిన ‘ఓసూ’లోనూ పాట మూటను జిప్ ఫైలులా విప్పొచ్చు. లోపల ఉన్నది మామూలు రాతే. అయితే అది దెబ్బల్లో కాదు, మిల్లీసెకన్లలో లెక్కిస్తుంది. పైన మన ఉదాహరణే అయితే దెబ్బకు 500, తర్వాత 492.5, ఆ తర్వాత 485 అని రాస్తాం. 256,192,2400 అని వరస మొదలైతే, అడ్డంగా 512 నిలువుగా 384 ఉన్న ఆట స్థలం నడిబొడ్డున, 2.4 సెకన్ల దగ్గర ఒక చుక్క అని అర్థం. ఇక 2018లో ప్రాగ్ నగరం నుంచి వచ్చిన ‘బీట్ సేబర్’లో నాలుగు నిలువు వరసలు, మూడు అంతస్తులు. అక్కడ దెబ్బల్ని దశాంశాల్లో రాస్తారు కాబట్టి దెబ్బలో ఐదో వంతు కావాలంటే 0.2 అంటే చాలు. ఒకటి నేర్చుకుంటే మిగతావి పెద్ద దూరం కాదు.

ఎవరి దరువు?

‘ఇంత తంటా ఎందుకు, కంప్యూటరే రాసేస్తుంది కదా’ అనేవారున్నారు. 2017లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌డీగో పరిశోధకులు ‘డ్యాన్స్ డ్యాన్స్ కన్వల్యూషన్’ పేరుతో పాట ఇస్తే స్టెప్పులు రాసే పద్ధతిని చూపించారు. దానికి పాఠాలు చెప్పింది మనుషులు రాసిన ఫైళ్లే. ‘ఫ్రాక్స్‌టిల్’, ‘ఇన్ ద గ్రూవ్’ అనే రెండు సంకలనాల నుంచి అది నేర్చుకుంది. వాటిలో ఒగ్గు డోలు లేదు. యంత్రం తాను విన్న లయనే లోకమనుకుంటుంది. మన దరువును ఎవరో ఒకరు కూర్చుని, కొలిచి, రాసి పెడితేనే రేపు దానికీ తెలుస్తుంది.

రాసి పెట్టడమంటే మరో బాధ్యత కూడా. జాతరలో వాయించినవారికి ఆ వాయింపు మీద హక్కుంది. మన కాపీరైట్ చట్టం 1994 సవరణతో కళాకారుల ప్రదర్శన హక్కును గుర్తించింది. 1999లో దాని గడువును 50 ఏళ్లకు పెంచారు. ఇంట్లో ఆడుకోవడానికైతే ఫరవాలేదు. నలుగురికీ పంచాలంటే ఆ డోలు వాయించిన పెద్దమనిషిని అడగండి. ఒప్పుకుంటే ‘ఆర్టిస్ట్’ అనే వరసలో ఆయన పేరు, బృందం పేరు రాయండి. సినిమా పాటలకైతే హక్కులు కంపెనీలవి. స్టెప్పుల ఫైలు మీది, పాట మీది కాదు. పంచుకునేటప్పుడు స్టెప్పుల ఫైలొక్కటే ఇవ్వడం క్షేమం.

అడగడానికి వెళ్లినప్పుడు లాప్‌టాప్ కూడా తీసుకెళ్లండి. టిక్కు శబ్దం పెట్టి ఆయనకే వినిపించండి. ఎక్కడ ఎడం ఉందో అలల బొమ్మ కన్నా ఆయన చెవి ముందు పట్టేస్తుంది. ఏ ఘట్టంలో డోలు పరుగు అందుకుంటుందో, ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో ఆయన చెబితే, పదహారు దెబ్బలకొకసారి గుడ్డిగా కొలిచే పని తప్పుతుంది. వేగం మారేచోటే గీత గీసుకోవచ్చు. ముప్ఫై కొలతలు పన్నెండుకు దిగినా ఆశ్చర్యం లేదు.